కందుకూరి వీరేశలింగము పంతులుగారును వారి ముద్రాక్షరశాలయు

గ్రంథము వ్రాయుట యొక కష్టము. వ్రాసినదానిని లోకమునకు అందించుట మఱియొక కష్టము. మొదటిదానికి బుద్ధియు ఓర్పును చాలును. రెండవదానికి ధనము కావలెను, అచ్చుకూటము కావలెను, పలుమారు పరుల యనుగ్రహమును కావలెను. ఈ యనుగ్రహము కొఱకు వేచి యుండక, తన కథను తన పత్రికలోనే ప్రకటించి, దాని మంచిచెడ్డలకు తానే యుత్తరవాదిగా నిలిచిన యొక యుపాధ్యాయుని చరిత్రమును ఈ యేడు మన విద్యార్థులకు వినిపింప దలచితిమి. ఆయన రావుబహదూరు కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీని రాజమహేంద్రవరమున సుబ్బారాయుడుగారికిని పున్నమ్మగారికిని జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. పెదతండ్రి వెంకటరత్నముగారు పెంచి విద్య చెప్పించిరి. ప్రవేశపరీక్షయం దుత్తీర్ణులై, కోరంగిలోను పిదప ధవళేశ్వరములోను ఉపాధ్యాయులుగా పనిచేసిరి. తొలుత వారును పండితులు మెచ్చు మార్గముననే నడచి, శతకములును, పెదవులు తగులని యక్షరములతోనే శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. అట్టి గ్రంథమును చదివి యానందింపగలవారు ఊరికి నలుగురైన నుందురో లేదో. తక్కిన జనులకు తెలిసిన మాటలలో చెప్పువా డెవ్వడను ప్రశ్న వారిని వదలలేదు.

ఆ కాలమున గ్రంథములు వెలువడు విధమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. తెలుగు అచ్చు అప్పటికి క్రొత్తది కాదు. శ్రీరామపురమున విలియం కేరీగారి తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అచ్చయి యుండెను. తరువాత తెలుగు ముద్రణమునకు చెన్నపురి ముఖ్యస్థానమయ్యెను. గోదావరి తీరపు రచయితకు చెన్నపురి మిక్కిలి దూరము. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలు వంతెన 1900 సంవత్సరమునగాని తెరవబడలేదు. అచ్చు వ్యయము భరించుటకు జమీందారునో ధనికునో ఆశ్రయించి కృతి నంకితమిచ్చుట కవులకు వాడుక. అట్టివారికి రుచింపని మాట పుస్తకమున నిలుచుట కష్టము.

పంతులుగారు 1874 అక్టోబరులో ధవళేశ్వరమున నుండగా వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే యచట బాలికా పాఠశాలనుగూడ స్థాపించిరి. పత్రిక మొదట చెన్నపురిలో అచ్చయ్యెడిది. కొంతకాలమునకు వారు రాజమహేంద్రవరముననే స్వంత ముద్రాక్షరశాలను నెలకొల్పిరి. ఇది వట్టి సౌకర్యముకొఱకు జరిగిన పని కాదు. వివేకవర్ధని యుద్యోగుల లంచగొండితనమును, బాల్యవివాహములను, మూఢాచారములను నిర్భయముగా ఖండించుచుండెను. పరుల యంత్రముపై ఇట్టి వ్రాతలు అచ్చువేయించుకొనువాడు ఆ పరుల భయమునకుగూడ లోబడవలసి వచ్చును. సీసపు అక్షరములు తనవైనప్పుడు ఆ భయము తొలగును. కాని కాగితముల వెలయు, పనివాండ్ర జీతములును, చందాలు రాకున్న నష్టమును, తప్పు వ్రాసిన యెడల నిందయు తనవే యగును.

ఆ పత్రికలోనే 1878లో రాజశేఖర చరిత్రము విడతలుగా ప్రకటింపబడి, 1880లో పుస్తక రూపమున వెలువడెను. ఆంగ్ల రచయిత గోల్డుస్మిత్తుగారి వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు దీనికి ప్రేరణము. అంతకు ముందే 1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము వచ్చియున్నను, తెలుగు నవలకు విస్తారముగా పాఠకులను తెచ్చినది రాజశేఖర చరిత్రమే. ముఖస్తుతులకు లొంగి, బంగారము చేసెదనను కపటయోగిని నమ్మి సర్వము గోల్పోయిన గృహస్థుని కథ యది. చదువరులు అందు తమ వీథిని, తమ యింటిని చూచుకొనిరి. హచిన్సన్ దొరగారి ఆంగ్లానువాదము 1887లో లండనునగరమున ప్రకటితమయ్యెను.

వ్రాసినది వ్రాతగానే యుండిన లోకము సహించెడిదేమో. పంతులుగారు అచ్చువేసిన మాటను ఆచరణమునకు తెచ్చిరి. 1881 డిసెంబరు 11వ తేదీని తమ యింట తొలి వితంతు వివాహము జరిపించిరి. వధువు గౌరమ్మ మన కృష్ణా మండలపు బాలిక. బంధువులు వెలివేసిరి; వంటవారును నీళ్లు తెచ్చువారును పనికి రామనిరి. ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి తెచ్చి పెండ్లివంట చేసిరి. స్వంత యంత్రముపై అచ్చయిన ప్రతి పుటకును ఆ యిల్లాలు చెల్లించిన వెల యిది.

అయినను స్వంత అచ్చుకూటమున నొక ప్రమాదము కలదు. వ్రాయువాడును, పరీక్షించువాడును, ప్రకటించువాడును ఒక్కడే యైనచో తప్పు చూపువా డుండడు. పంతులుగారికి ఆ కొఱత కలుగలేదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు రాజశేఖర చరిత్రమును తీవ్రముగా విమర్శించి గ్రంథమే వ్రాసిరి. తాము తెఱచిన త్రోవను పంతులుగారు ఇతరులకు మూయలేదు. న్యాపతి సుబ్బారావుగారు స్థాపించిన చింతామణి పత్రికకు సంపాదకులై నవలల పోటీలు నడపిరి. ఆ పోటీలో 1894లో బహుమతి నందిన రామచంద్ర విజయముతో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు నవలాకర్తలుగా పేరొందిరి.

పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యావదాస్తిని దాని కర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. ఆ దుఃఖమునందును కలము విడువక స్వీయచరిత్రమును పూర్తిచేసి, 1919 మే 27వ తేదీని చెన్నపురిలో కీర్తిశేషులైరి.

విద్యార్థులారా! 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల మూలమున గోదావరి జలము కాలువవెంట వచ్చి మన ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ యొడ్డున పుట్టిన పుస్తకములు అంతకు నూఱేండ్లకు పైగా ముందే మన తీరమునకు చేరినవి. నేడు కథ ప్రకటించుటకు జమీందారు నక్కఱలేదు, సీసపు అక్షరములును అక్కఱలేదు. చేతిలోని ఫోనుతోనే వేలమందికి పంపవచ్చును. పని సులభమైనకొలది బాధ్యత తేలిక కాలేదని గ్రహింపుడు. వ్రాసినదానిని మఱల చదువుడు, తప్పులు దిద్దుడు, మీ కంటె పెద్దలకు చూపుడు. ఆ మాట క్రింద మీ పేరుంచి, దాని ఫలమును భరింపగలమని తోచిన పిమ్మటనే ప్రకటింపుడు. పంతులుగారి జీవితమునుండి మనము నేర్వవలసిన ముఖ్యపాఠ మిదియే యని మా యభిప్రాయము.