పక్షుల పండితుడు సలీం అలీ

ఆదివారం నాడు అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టల్లో ఒక్కోసారి భారతదేశ పక్షుల గురించి ఇంగ్లీషులో రాసిన ఓ బొమ్మల పుస్తకం కనబడుతుంది. దానిపై రచయిత పేరు సలీం అలీ అని ఉంటుంది. మన పేరే కదా, ఎవరీయన అని అడిగే కుర్రవాళ్ళు మాకు తారసపడుతుంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఓ సులైమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. తోబుట్టువులందరిలో చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి మొయిజుద్దీన్, మూడేళ్ళు వచ్చేసరికి తల్లి జీనతున్నిసా కన్నుమూశారు. ఆ అనాథ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ పిల్లల్లాగే పెంచారు. అనాథను ఆదరించిన ఇంటికి అల్లాహ్ ఎలాంటి శుభాలిస్తాడో చెప్పడానికి ఈ ఇల్లు ఒక ఉదాహరణ.

మేనమామకు వేట మీద ఇష్టం. పిల్లవాడికి ఓ చిన్న గాలి తుపాకీ ఇచ్చారు. 1908 ప్రాంతంలో ఒకరోజు ఆ తుపాకీతో ఓ పిచ్చుకను కొట్టాడు. తీరా చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇంటి చూరులో ఉండే ఊరపిచ్చుక కాదిది. మరి దీన్ని తినవచ్చా? ఇది హలాలేనా? ఈ సందేహంతో పిల్లవాడు పిట్టను పట్టుకొని మేనమామ దగ్గరికి పరుగెత్తాడు. మేనమామకూ ఆ పిట్ట ఏదో తెలియలేదు. ఆయన కసురుకోలేదు, తోచిన జవాబు చెప్పి పంపేయనూ లేదు. తెలిసినవారిని అడుగు అంటూ ఓ ఉత్తరం రాసిచ్చి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లర్డ్ అనే దొర దగ్గరికి పంపారు.

మిల్లర్డ్ ఆ పిట్టను చూసి దాని పేరు చెప్పారు. అద్దాల బీరువాలు, సొరుగులు తెరిచి భద్రపరిచిన పక్షులను ఒక్కొక్కటిగా చూపించారు. చదువుకోమని పుస్తకాలిచ్చారు. పక్షి చర్మాన్ని ఒలిచి చెడిపోకుండా దాచే పని కూడా ఆ సొసైటీలోనే నేర్పించారు. హలాలా, కాదా అన్న ఒక్క ప్రశ్న ఆ పిల్లవాడికి ఒక విద్యా ద్వారాన్ని తెరిచింది. ఆ తరువాత ఎనభై ఏళ్ళ దాకా ఆయన ఆ ద్వారం విడిచి రాలేదు.

అలా అని దారి సుగమమేమీ కాదు. కాలేజీ చదువు పూర్తి కాలేదు. బర్మాలోని తవోయ్‌లో కుటుంబానికి గనులు, కలప వ్యాపారం ఉండగా చూసుకోవడానికి వెళ్ళారు. అక్కడా వ్యాపారం కంటే అడవిలో పిట్టల వెంటే ఎక్కువ తిరిగారు. వ్యాపారం దెబ్బతింది. 1918లో తెహ్మీనా బేగంతో వివాహమైంది. పక్షిశాస్త్రంలో ఉద్యోగానికి ప్రభుత్వ జంతు సర్వే సంస్థకు దరఖాస్తు చేసుకుంటే, యూనివర్సిటీ డిగ్రీ లేదని తోసిపుచ్చారు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే పని దొరికింది. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి ఆచార్య ష్ట్రేజ్‌మాన్ వద్ద శిష్యరికం చేశారు. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవిలో వలస పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే విద్యను చూసి నేర్చుకున్నారు. డిగ్రీ కాగితం లేకపోయినా ఉస్తాదు దగ్గర కూర్చొని నేర్చిన విద్య ఆయనది. మదర్సాలలో చదువుకున్న మాబోటివారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని మ్యూజియంలో ఆ ఉద్యోగమే తీసివేశారు. దంపతులు బొంబాయి ఎదుట సముద్రం ఒడ్డునున్న కిహీం అనే పల్లెకు చేరుకున్నారు. అక్కడ గిజిగాళ్ళ గూళ్ళు కనిపించాయి. నెలల తరబడి వాటినే గమనిస్తూ కూర్చున్నారు. మగ పిట్ట గూడు సగం అల్లుతుంది. ఆడ పిట్ట వచ్చి చూసుకొని, నచ్చితే అందులో కాపురం పెడుతుంది. అప్పుడు మగది ఆ గూడు పూర్తి చేసి, మరో ఆడపిట్ట కోసం ఇంకో గూడు మొదలుపెడుతుంది. అంతవరకూ ఎవరూ ఇంత వివరంగా చూడని సంగతి ఇది. ఉద్యోగం పోయిన రోజుల్లోనే ఆయనకు పేరు తెచ్చిన పరిశోధన జరగడం గమనించదగ్గది.

హైదరాబాద్‌తో ఆయన అనుబంధం ఆ వెంటనే మొదలైంది. రాజ్యంలో పక్షులన్నిటినీ నమోదు చేసే పనికి తాను జీతం తీసుకోనని, గుడారాలకూ ప్రయాణాలకూ అయ్యే ఖర్చు ఇస్తే చాలని ఆయన ముందుకు వచ్చారు. నిజాం ప్రభుత్వం అంగీకరించింది. 1931-32లో అమ్రాబాద్ అడవులతో సహా రాజ్యమంతటా తిరిగారు. ఆ ఫలితాలు 1933 నుంచి సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడ్డాయి. తెలంగాణ పక్షుల గురించి నేటికీ ఎవరు రాయబోయినా ముందుగా తిరగేయాల్సిన పత్రాలవి. ఆ తరువాత తిరువాన్కూరు, భోపాల్, కచ్ సంస్థానాల్లోనూ ఇదే పద్ధతిలో సర్వేలు చేశారు.

ఈ యాత్రల్లో తెహ్మీనా బేగం అండగా నిలిచారు. 1939లో ఓ చిన్న శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించారు. సంతానం లేదు, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సోదరి ఇంట్లో ఉంటూ దుఃఖాన్ని పనిలోనే దిగమింగుకున్నారు. రెండేళ్ళకు, 1941లో, మనం మొదట చెప్పుకున్న పుస్తకం వెలువడింది.

ఆ పుస్తకంలోని పద్ధతి సామాన్యుడికి అందేది. కొత్త పిట్ట కనబడితే ముందు దాన్ని తెలిసిన పిట్టతో పోల్చుకోవాలి. పిచ్చుకంతా, బుల్‌బుల్ అంతా, గోరింకంతా, కాకంతా? పిమ్మట ముక్కు, కాళ్ళు, తోక, కూత, తిరిగే చోటు చూడాలి. ఇది ఎంత అవసరమో చలికాలంలో సముద్ర తీరానికి వెళ్ళినవారికి అర్థమవుతుంది. ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల్లో గుడ్లు పెట్టే ఉల్లంకి పిట్టలు చలికాలానికి మన తీరపు బురదనేలల మీద వాలతాయి. అక్కడ వేసవిలో ఎర్రగా, నల్లగా మెరిసే ఈకలు ఇక్కడికి వచ్చేసరికి బూడిద రంగుకు తిరుగుతాయి. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. రంగును నమ్ముకుంటే మోసపోతాము. ముక్కు ఎంత పొడవు, నిటారుగా ఉందా, వంగి ఉందా, కాళ్ళు ఏ రంగు, పరుగెత్తి ఆగి పొడుస్తుందా, లేక బురదలో ముక్కు దించి వెదుకుతుందా అన్నవే గుర్తులు.

అరుదైన పిట్టను చూశామని ఎవరైనా చెబితే సలీం అలీ వెంటనే ఒప్పుకునేవారు కారు. ఎక్కడ, ఎప్పుడు, ఆధారమేమిటి అని తరచి తరచి అడిగేవారు. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించే ముందు అది ఎవరి ద్వారా వచ్చింది, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, ఆయన నిజంగా ఆ గురువును కలిశాడా అని ఆరా తీసిన తీరు మాకు గుర్తుకు వస్తుంది. 2014లో విశాఖ తీరాన్ని తాకిన తుఫానుకు హుద్‌హుద్ అని పేరు పెట్టారు. ఆ పేరుగల పక్షి దైవప్రవక్త సులైమాన్ (అ) కొలువుకు ఆలస్యంగా వచ్చి, సబా దేశం గురించి రూఢి అయిన సమాచారం తెచ్చానని విన్నవించుకున్నట్లు దివ్య ఖురాన్‌లో ఉంది. అంతటి ప్రవక్త కూడా నిజానిజాలు చూస్తామని చెప్పి, ఉత్తరమిచ్చి పంపిన తరువాతనే ముందడుగు వేశారు. విన్నది విన్నట్లు నలుగురికీ చేరవేసే ఈ రోజుల్లో మనం నేర్చుకోవలసిన పాఠమిది.

వలస పక్షుల రాకపోకలు తెలుసుకోవడానికి 1959 తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ఆయన నాయకత్వంలో వేలాది పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగారు. వాటిపై బొంబాయి సొసైటీకి తెలియజేయమని రాసి ఉండేది. భరత్‌పూర్‌లోనూ, తమిళనాడు తీరంలోని కోడియక్కరైలోనూ ఈ పని సాగింది. ఆ ఉంగరాలు కొన్ని సైబీరియాలో దొరికాయి. పాస్‌పోర్టు లేని ఈ బాటసారుల దారి అలా మనుషులకు తెలిసివచ్చింది.

మన తెలుగు తీరానికీ ఈ అతిథులు తక్కువ కాదు. సూళ్ళూరుపేట దగ్గర పులికాట్ సరస్సులో చలికాలంలో రాజహంసలు బారులు తీరుతాయి. పక్కనే నేలపట్టు చెట్లపై గూడబాతులు గూళ్ళు కడతాయి. కడప అడవుల్లో, 1900 తరువాత ఎవరి కంటా పడక అంతరించిందనుకున్న కలివికోడిని 1986లో స్థానికుల సాయంతో తిరిగి కనుగొన్నది కూడా సలీం అలీ పెంచిన ఆ సొసైటీ వారే. అప్పటికి ఆయన జీవించే ఉన్నారు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. సలీం అలీ ఆచారపరులు కారు. అర్థం చెప్పకుండా అరబ్బీ వల్లె వేయించడం, చూపుడు భక్తి చిన్నతనంలోనే తనకు మతాచారాలపై విముఖత కలిగించాయని ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన లెక్క అల్లాహ్ వద్ద ఉంది, తీర్పు చెప్పడానికి మేము ఎవరం? కానీ పిల్లలకు పాఠం చెప్పే మాలాంటి వారు ఆ పేజీని దాటవేయకూడదు. ఒకే బాలుడు హలాల్ గురించి అడిగితే ఒక ఇంటిపెద్ద విద్య వైపు దారి చూపారు. అదే బాలుడికి అర్థం చెప్పని చదువు దీన్‌ను దూరం చేసింది.

శాస్త్రం కోసం ఆయన పక్షులను కాల్చిన మాట నిజం. అయితే అకారణంగా పిచ్చుక ప్రాణం తీసినవాడు కూడా రేపు జవాబు చెప్పుకోవాలన్న హదీసు భావాన్ని ఆయన చివరి దశాబ్దాల కృషి గుర్తుచేస్తుంది. భరత్‌పూర్ చిత్తడి నేలలు, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి నిలవడానికి గట్టిగా పాటుపడ్డారు. డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన పక్షుల గ్రంథం 1968 నుంచి 1974 వరకు 10 సంపుటాలుగా వచ్చింది. 50,000 డాలర్ల గెట్టీ బహుమతి వస్తే ఆ సొమ్మును ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం లభించాయి. డిగ్రీ లేదని ఒకప్పుడు ఉద్యోగం దక్కని ఆ మనిషికి అలీగఢ్, ఢిల్లీ, మన ఆంధ్ర విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1987 జూన్ 20న, 90 ఏళ్ళ వయసులో బొంబాయిలో కన్నుమూశారు.

నాంపల్లి బాగె ఆమ్‌లోని షాహీ మసీదులో జుమా నమాజు చేసి వచ్చేవారి తలల మీదే గద్దలు, చిలకలు, గోరింకలు తిరుగుతుంటాయి. అవీ మనలాంటి సముదాయాలేనని దివ్య ఖురాన్ బోధిస్తున్నది. వెంట వచ్చిన పిల్లవాడు వేలు చూపి ఆ పిట్ట పేరేమిటని అడిగితే తెలిస్తే చెబుదాం. తెలియకపోతే తెలియదని ఒప్పుకొని, తెలిసినవారి దగ్గరికి తీసుకువెళదాం. అమీరుద్దీన్ తయ్యబ్జీ చేసినది అంతే.