మూగబోని రేడియో: నూర్ ఇనాయత్ ఖాన్ జీవితం



వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాల గురించి రాయడం మనకు ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి, అబ్దుల్ కలాం గురించి ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి మన పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించని ఒక యువతి గురించి రాయాలనిపించింది. ఆమె చేతిలో తుపాకీ లేదు. ఒక సూట్‌కేసు, అందులో ఒక షార్ట్‌వేవ్ రేడియో మాత్రమే ఉన్నాయి. పేరు నూర్ ఇనాయత్ ఖాన్.

పాత రేడియోల మీద ప్రేమ

కొండాపూర్‌లో మేడ ఎక్కి చూస్తే చుట్టూ సెల్ టవర్లు, హైటెక్ సిటీ అద్దాల భవనాలు కనిపిస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే మనకు ఒక్క క్షణం చాలు. కానీ మన తాతల కాలంలో దూరదేశపు గొంతు వినాలంటే వాల్వు రేడియోనే దిక్కు. స్విచ్ వేయగానే అది పలకదు. లోపలి గాజు వాల్వులు వేడెక్కి ఎర్రగా వెలగాలి. తర్వాత గరగర శబ్దం, ఆ గరగరలోంచి మెల్లగా ఒక స్టేషన్. మా తాతయ్య ఊళ్లో గ్రామ పంచాయతీ రేడియో ముందు కూర్చుని వార్తలు వినేవాడట. ఆ పెట్టె వెచ్చబడినప్పుడు వచ్చే వాసన కూడా తనకు గుర్తుందని చెప్పేవాడు.

ఇలాంటి రేడియోల్లో సైన్యం కోసం చేసినవి మరీ గట్టివి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లోని శ్రవణ కేంద్రాల్లో పేరు మోసినవి అమెరికా తయారీ సెట్లు. నేషనల్ కంపెనీ 1935లో తెచ్చిన హెచ్.ఆర్.ఓ. ఒకటి, ఆర్.సి.ఏ. కంపెనీ 1941లో తెచ్చిన ఏ.ఆర్.88 మరొకటి. ఏ.ఆర్.88లో 14 వాల్వులు, బరువు దాదాపు 45 కిలోలు. ఒక్కరు ఎత్తలేరు. యుద్ధం ముగిశాక ఇలాంటివి మిగులు సామానుగా అమ్ముడుపోయి ఎందరో హామ్ రేడియో అభిమానుల ఇళ్లకు చేరాయి. ఇప్పటికీ లోకంలో చాలామంది వాటిని వెతికి, తుడిచి, వాల్వులు మార్చి, మళ్లీ పలికిస్తున్నారు.

ఆ ప్రేమ మంచిదే. అయితే ఆ సెట్లు ఒకప్పుడు ఎవరి సందేశాల కోసం రాత్రంతా వెలుగుతూ ఉండేవో కూడా తెలియాలి. ఇంగ్లండ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నవారు ఎదురుచూసిన ఆ బలహీనమైన సంకేతాల్లో నూర్ పంపినవీ ఉన్నాయి.

తండ్రి, హైదరాబాద్

నూర్ కథకూ మన హైదరాబాద్‌కూ ఒక సంబంధం ఉంది. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడాలో సంగీత కుటుంబంలో పుట్టారు. యువకుడిగా హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడి మెప్పు పొందారు. ఇక్కడే సయ్యద్ అబూ హాషిం మదనీ అనే గురువు దగ్గర సూఫీ మార్గం నేర్చుకున్నారు. ఆ గురువు బోధ ఆయన జీవితాన్నే మార్చింది. 1910 సెప్టెంబర్ 13న వీణ పట్టుకుని అమెరికాకు బయలుదేరారు. అక్కడ ఓరా రే బేకర్ అనే అమెరికా యువతి పరిచయమైంది. తర్వాత ఇద్దరికీ పెళ్లయింది. ఇనాయత్ ఖాన్ తల్లి వైపు వంశం టిప్పు సుల్తాన్‌ది అని చెబుతారు.

వారి మొదటి బిడ్డ నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. నూర్ అంటే వెలుగు. ఆ ఏడాదే కుటుంబం లండన్ చేరింది. 1920లో ఫ్రాన్స్‌కు వెళ్లి, ప్యారిస్ పక్కన సురేన్ అనే ఊళ్లో స్థిరపడింది. ఇంట్లో ఎప్పుడూ సంగీతం, ప్రార్థన, వచ్చీపోయే శిష్యులు.

1927లో ఇనాయత్ ఖాన్ ఢిల్లీలో మరణించారు. అప్పటికి నూర్‌కు పదమూడేళ్లు. తల్లి దుఃఖంతో గదికే పరిమితమైపోయింది. ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. వాళ్ల తిండి, బట్ట, చదువు చూసే పని ఆ చిన్నపిల్ల మీద పడింది. పెద్దబిడ్డగా పుట్టినవాళ్లకు ఆ బరువు ఎలా ఉంటుందో మన హాస్టల్లో చాలామందికి వేరే చెప్పనక్కర్లేదు.

అయినా చదువు ఆపలేదు. సోర్బాన్ విశ్వవిద్యాలయంలో బాలల మనస్తత్వ శాస్త్రం చదివింది. ప్రఖ్యాత గురువు నాడియా బూలాంజే దగ్గర సంగీతం నేర్చుకుంది. పిల్లల కోసం కథలు రాసింది. ప్యారిస్ రేడియోలో ఆమె కథలు ప్రసారమయ్యాయి. 1939లో బుద్ధుని జాతక కథలు ఇరవై ఎంచి ఇంగ్లిషులో పుస్తకంగా తెచ్చింది. అందులో వానర రాజు కథ ఉంది. తన గుంపును కాపాడడానికి ఆ రాజు తన ఒంటినే వంతెనగా చేస్తాడు. అందరూ అతని వీపు మీదుగా దాటిపోతారు. ఆ కథ రాసినప్పుడు ఆమెకు ఇరవై అయిదేళ్లు.

రేడియో నేర్చుకున్న కథల రచయిత్రి

1940లో జర్మనీ సైన్యం ఫ్రాన్స్‌ను ఆక్రమించింది. కుటుంబం ఓడలో తప్పించుకుని జూన్‌లో ఇంగ్లండ్ చేరింది. నూర్, పెద్ద తమ్ముడు విలాయత్ ఇద్దరూ అహింసను నమ్మినవాళ్లే. కానీ హిట్లర్ పాలనను చూస్తూ ఊరుకోకూడదని నిర్ణయించుకున్నారు. 1940 నవంబర్ 19న ఆమె మహిళా సహాయక వైమానిక దళంలో అతి చిన్న హోదాలో చేరి, వైర్‌లెస్ ఆపరేటర్‌గా శిక్షణ పొందింది.

భారతదేశం అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉంది. ఆఫీసర్ హోదా కోసం జరిగిన ఇంటర్వ్యూలో, యుద్ధం ముగిశాక తాను భారత స్వాతంత్ర్యం వైపే ఉంటానని ఆమె దాచకుండా చెప్పిందని జీవితచరిత్రకారులు రాశారు. ఉద్యోగం పోతుందని తెలిసీ నిజం చెప్పడం ఎంత కష్టమో ఇంటర్వ్యూలకు వెళ్లివచ్చిన వాళ్లకు తెలుసు.

1943 ఫిబ్రవరిలో ఆమెను స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అనే రహస్య సంస్థలోకి తీసుకున్నారు. శత్రువు ఆక్రమించిన దేశాల్లో ప్రతిఘటనకు సాయం చేయడం ఆ సంస్థ పని. శిక్షణలో ఆమె గురించి వచ్చిన నివేదికలు ఏమంత బాగా లేవు. ఆయుధాలంటే భయపడుతుందని, తడబడుతుందని, ఊహల్లో తేలే మనిషని, ఈ పనికి తగదని కొందరు శిక్షకులు రాశారు. మోర్స్ మీట మీద కూడా చెయ్యి బరువుగా పడుతుందన్నారు. కానీ రేడియో పంపడంలో, అందుకోవడంలో నైపుణ్యం ఉంది. ఫ్రెంచి మాతృభాషలా వచ్చు. ఆపరేటర్ల కొరత తీవ్రంగా ఉంది. అందుకే పంపారు.

1943 జూన్ 16 రాత్రి లైసాండర్ అనే చిన్న విమానంలో బయలుదేరి, వెన్నెల వెలుగులో ఫ్రాన్స్ పొలాల్లో దిగింది. మారుపేరు మడలీన్. ఆక్రమిత ఫ్రాన్స్‌కు ఆ సంస్థ పంపిన మొదటి మహిళా రేడియో ఆపరేటర్ ఆమే.

సూట్‌కేసులో ప్రాణం

ఆ కాలపు రహస్య ఆపరేటర్లు వాడిన ప్రసిద్ధమైన సెట్ పేరు బి మార్క్ 2. చూడడానికి మామూలు తోలు సూట్‌కేసు. లోపల ట్రాన్స్‌మిటర్, నాలుగు వాల్వుల రిసీవర్, పవర్ యూనిట్, హెడ్‌ఫోన్లు, మోర్స్ మీట. బరువు దాదాపు 15 కిలోలు. ఇంటి కరెంటు మీదా నడుస్తుంది, బ్యాటరీ మీదా నడుస్తుంది. దాని శక్తి ఒక చిన్న బల్బుకు మించదు. అయినా షార్ట్‌వేవ్ తరంగం పైకి వెళ్లి ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి కిందికి వంగుతుంది కాబట్టి సముద్రం దాటి ఇంగ్లండ్‌కు చేరుతుంది. పొడవాటి ఏరియల్ తీగ మాత్రం తప్పదు. దాన్ని చెట్టు మీదో కిటికీలోంచో వేలాడదీయాలి.

ప్రమాదం అక్కడే ఉంది. ఎక్కడినుంచి సంకేతం వస్తుందో కనిపెట్టే జర్మన్ వ్యాన్లు వీధుల్లో తిరిగేవి. ఇరవై నిమిషాలు ఒకేచోట ఉంటే పట్టుబడినట్టే. అందుకే రోజుకొక ఇల్లు, రోజుకొక వీధి. ఆపరేటర్ సగటున ఆరు వారాలకు మించి మిగలడని లెక్క.

ఆమె దిగిన పది రోజుల లోపే పెద్ద దెబ్బ తగిలింది. జూన్ 24 నుంచి ఆమె పనిచేయాల్సిన ప్రాస్పర్ దళ సభ్యులు వరసగా అరెస్టయ్యారు. తోటి ఆపరేటర్లు పోయారు. లండన్ తిరిగి వచ్చేయమంది. ఆమె ఒప్పుకోలేదు. తాను వచ్చేస్తే ప్యారిస్‌కూ లండన్‌కూ మధ్య మాట తెగిపోతుందని ఆమెకు తెలుసు. ఒక దశలో ప్యారిస్‌లో ఆ విభాగానికి మిగిలిన ఆపరేటర్ ఆమె ఒక్కతే.

జుట్టు రంగు మార్చుకుంటూ, ఇళ్లు మార్చుకుంటూ దాదాపు నాలుగు నెలలు అలా నెట్టుకొచ్చింది. ఒకసారి మెట్రో రైల్లో ఇద్దరు జర్మన్ సైనికులు సూట్‌కేసు చూసి అడిగితే సినిమా ప్రొజెక్టర్ అని నమ్మించిందని చెబుతారు. మరోసారి ఏరియల్ తీగ కట్టుకోవడానికి అవస్థ పడుతుంటే, పాటలు వినడానికి కాబోలు అనుకుని ఒక జర్మన్ అధికారే సాయం చేశాడట. శిక్షణలో తడబడుతుందని రాయించుకున్న మనిషి ఆమే.

చెర, మరణం

1943 అక్టోబర్‌లో తెలిసినవాళ్లే డబ్బుకు ఆశపడి ఆమెను పట్టించారు. తనను పట్టుకోవడానికి వచ్చినవాడితో ఆమె కొట్లాడింది, కొరికింది. ప్యారిస్‌లోని 84 అవెన్యూ ఫోష్ భవనంలో పెట్టి ప్రశ్నించారు. ఆమె రహస్యాలు చెప్పలేదు. కానీ పంపిన సందేశాల నకళ్లున్న నోటుపుస్తకం వాళ్లకు దొరికింది. దాని సాయంతో జర్మన్లు ఆమె పేరుతో లండన్‌కు సందేశాలు పంపారు. లండన్ నెలల తరబడి మోసపోయింది. కొత్తగా దిగిన కొందరు ఏజెంట్లు నేరుగా శత్రువు చేతిలో పడ్డారు. మోర్స్‌లో ఒక్కొక్కరి చేతి తీరు ఒక్కో దస్తూరిలా ఉంటుంది. ఆ తేడా పట్టుకోవాల్సినవాళ్లు పట్టించుకోలేదు.

రెండుసార్లు తప్పించుకోవడానికి ప్రయత్నించింది. రెండోసారి నవంబర్ 25న మరో ఇద్దరితో కలిసి పైకప్పు మీదికి చేరింది. సరిగ్గా అప్పుడే వైమానిక దాడి సైరన్ మోగింది, గదులు తనిఖీ చేశారు, దొరికిపోయారు. మళ్లీ పారిపోనని సంతకం చేయమంటే చేయలేదు. జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైలుకు పంపి, సంకెళ్లు వేసి, ఒంటరి గదిలో పది నెలలు ఉంచారు. 1944 సెప్టెంబర్ 13న డాకౌ నిర్బంధ శిబిరంలో మరో ముగ్గురు మహిళా ఏజెంట్లతో పాటు కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. తండ్రి వీణతో దేశం విడిచిన తేదీ, బిడ్డ ప్రాణం విడిచిన తేదీ ఒక్కటే.

ఫ్రాన్స్ ఆమెకు క్వా ద గేర్ పతకం ఇచ్చింది. 1949లో బ్రిటన్ జార్జ్ క్రాస్ ప్రకటించింది. 2012లో లండన్ గార్డన్ స్క్వేర్‌లో ఆమె విగ్రహం పెట్టారు. శ్రాబణి బసు 2006లో రాసిన జీవితచరిత్ర వల్ల మన దేశంలో చాలామందికి ఆమె పేరు తెలిసింది.

మనకేమిటి?

షార్ట్‌వేవ్ విలువ యుద్ధంతో పోలేదు. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన ఆ దీవుల క్షేమ సమాచారాన్ని హామ్ రేడియో మీదే బయటికి చేర్చింది. అందరి తీగలూ తెగినప్పుడు ఒక్కరు నిలబడితే చాలు, వార్త చేరుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మా ఇంట్లో డిగ్రీ చదివినది నేనే మొదలు. మీలో చాలామంది పరిస్థితీ అంతే. ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే మనమే చదవాలి. ఆసుపత్రి చీటీ మనమే చూడాలి. లోకానికీ మన ఇంటికీ మధ్య ఉన్న ఒకే ఒక్క ఆపరేటర్‌లాంటి వాళ్లం మనం. ప్రతి ఏడాదీ ఒకరిద్దరు మార్కులు తక్కువొచ్చాయనో, తాను పనికిరానని ఎవరో అన్నారనో పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోతున్నారు. మళ్లీ రావడం లేదు. అలా వెళ్లాలనిపించిన రాత్రి ఈ సూట్‌కేసు అమ్మాయిని ఒక్కసారి తలచుకోండి. పనికిరాదని ఆమె మీద కూడా కాగితం రాశారు. వెళ్లిపోయే దారి ఆమెకూ చూపించారు. అవతల ఎవరో వింటున్నారని ఆమె ఆగింది. మన కోసం కూడా ఊళ్లో ఎవరో ఒకరు చెవులొగ్గి కూర్చునే ఉన్నారు.