పచ్చిక కాపరి టామ్ మారిస్

ఆటలో గెలిచినవాని పేరు పదిమందియు ఎఱుగుదురు. ఆ యాట జరిగిన నేలను కాపాడినవానిని తలచువారు అరుదు. ఈ రెండు పనులను చేసి, రెంటియందును కీర్తి గడించినవాడు టామ్ మారిస్.

స్కాట్లండు దేశపు తూర్పుతీరమున సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణము కలదు. టామ్ 1821వ సంవత్సరము జూన్ 16వ తేదీన అచ్చట ఒక నేతపనివాని యింట జన్మించెను. సముద్రపుటొడ్డున నున్న ఇసుకనేలపై ఆ యూరివారు తరతరములుగా గోల్ఫు ఆడుచుండిరి. చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు, దూరదూరముగా నున్న గుంటలలో వరుసగా పడవేయుటయే ఆ యాట. ప్రతి గుంట చుట్టును నున్నని పచ్చిక యుండవలెను. దానిని గ్రీను అందురు. గ్రీను చెడిన ఆటయే చెడును.

టామ్ యౌవనమున అలన్ రాబర్ట్‌సన్ అను ప్రసిద్ధ క్రీడాకారునియొద్ద చేరి, తోలుతిత్తిలో ఈకలు కూరి బంతులు చేయు విద్య నేర్చెను. ఇంతలో గట్టాపెర్చా అను చెట్టుపాలతో చేసిన చౌక బంతులు వచ్చెను. ఈకల బంతులే జీవనాధారమైన గురువునకు అవి కంటగింపయ్యెను. టామ్ క్రొత్తబంతితో ఆడుటవలన ఇరువురకును ఎడబాటు కలిగెను. 1851లో టామ్ పశ్చిమతీరమందలి ప్రెస్ట్‌విక్ చేరి, అచ్చటి మైదానమునకు కాపరి యయ్యెను.

మన దేశమున వసంతమన్న ఎండలు ముదురు కాలము. స్కాట్లండున అది చలియు చినుకును విడువని కాలము. పచ్చిక ఇంకను చిగుర్చకమునుపే ఆటగాండ్రు వత్తురు. తడిసిన నేలను పాదములు త్రొక్కగా మన్ను అణగి గట్టిపడును. అందలి గాలి వెడలిపోవును. నీరు ఇంకదు. వేళ్లు ఊపిరాడక కుళ్లును. గడ్డి చచ్చినచోట నాచు పట్టును.

ఒకనాడు టామ్ తోపుడుబండిలోని ఇసుక పొరపాటున ఒక గ్రీనుపై ఒలికెనని చెప్పుదురు. కొన్నాళ్లకు ఆ చోటనే గడ్డి దట్టముగా పెరుగుట ఆయన గమనించెనట. నాటినుండి గ్రీనులపై ఇసుక చల్లుట ఆయనకు నియమమయ్యెను. పలుచగా చల్లిన ఇసుక మంటిలో కలిసి నీటికి దారి యిచ్చును, పల్లములను పూడ్చును. గడ్డి దానిని చీల్చుకొని పైకి వచ్చును.

1860లో ప్రెస్ట్‌విక్ నందే ఓపెన్ ఛాంపియన్‌షిప్ అను పోటీ మొదటిసారి జరిగెను. టామ్ రెండవవాడుగా నిలిచెను. పిదప 1861, 1862, 1864, 1867 సంవత్సరములలో విజేత యయ్యెను. చివరి గెలుపునాటికి ఆయన వయస్సు 46 ఏండ్లు. అంతటి వయస్సున ఆ పోటీ గెలిచినవాడు మఱియొకడు లేడు. విజేతయైనను ఆయన పార విడువలేదు.

1864లో సెయింట్ ఆండ్రూస్ గోల్ఫు సంఘమువారు ఏటికి 50 పౌనుల జీతముపై ఆయనను స్వగ్రామమునకు పిలిపించిరి. మైదానము అప్పుడు పాడుబడి యుండెను. టామ్ ముండ్లపొదలను నరికించి ఆటదారులను వెడల్పు చేసెను. క్రొత్త గ్రీనులు నిర్మించెను. ఆదివారము అచ్చట ఆట నిషిద్ధము. దైవభక్తుడైన టామ్ ఆ కట్టడిని గట్టిగా నిలిపెను. ఆటగాండ్రకు అక్కఱ లేకున్నను నేలకు విశ్రాంతి కావలెనని ఆయన మతము.

ఆయన కుమారుడును టామ్ అనువాడే. తండ్రిని మించిన ఆటగాడై, 1868 మొదలు నాలుగుమారులు ఆ పోటీనే గెలిచెను. 1875 సెప్టెంబరులో అతని భార్య ప్రసవవేదనతో మరణించెను. ఆ దుఃఖమునుండి తేరుకొనకయే అతడు డిసెంబరు 25న, 24 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. మఱుసటి సంవత్సరము టామ్ భార్యయు గతించెను. తక్కిన బిడ్డలును ఆయనకంటె ముందే పోయిరి. ఇన్ని దుఃఖములు కలిగినను ఆయన తన కొలువు విడువలేదు. కుమారుడు పోయిన పిదప మఱి 28 వసంతములు ఆ పచ్చికను కాపాడెను.

1903లో, 82 ఏండ్ల వయస్సున ఆయన కొలువు విరమించెను. 1908 మే 24న మెట్లమీదినుండి పడి మరణించెను. కుమారుని సమాధిచెంతనే ఆయనను పూడ్చిరి. ఆ మైదానమందలి కడపటి గుంటకు టామ్ మారిస్ అనియే పేరు. అచ్చటి గ్రీను ఆయన స్వయముగా నిర్మించినదే. వాన వెలిసిన పిదప అచ్చట ఆడువారు నేటికిని ఆయన శ్రమఫలమును అనుభవించుచున్నారు.