లయ పుట్టుకతో వచ్చేదేనా? – ఫిడేలు నాయుడు గారి జీవితం

మన క్యాంపస్ హాస్టళ్లలోనూ, తార్నాక చుట్టుపక్కల అద్దె గదుల్లోనూ గిటారు వాయించే విద్యార్థులు ఈ మధ్య బాగా పెరిగారు. ఒక ల్యాప్‌టాపు, ఒక మైకు, ఒక హెడ్‌ఫోను ఉంటే చాలు. కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపేసి, గదినే స్టూడియో చేసేస్తున్నారు. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా రికార్డు చేసింది తిరిగి విన్నప్పుడే. పాట మొదట్లో ఒక నడక, చివరికి వచ్చేసరికి మరో నడక! చెవిలో మెట్రోనోము టక్కుటక్కుమంటూనే ఉంటుంది, చేయి మాత్రం దానికి ముందో వెనకో పోతుంది. లయజ్ఞానం పుట్టుకతో రావాలి గాని నేర్చుకుంటే వచ్చేది కాదని తేల్చేసుకుని, అప్పు చేసి కొన్న గిటారును మూలన పెట్టేసిన మిత్రులు నాకు తెలుసు.

అటువంటి మిత్రుల కోసమే ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఆయన వాయించింది గిటారు కాదు, వయొలిన్. కాని తంత్రీవాద్యం చేతపట్టిన వారెవరికైనా ఆయన జీవితంలో నేర్చుకోదగ్గది ఉన్నది.

నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. ఆనాడు దీపావళి. తండ్రి సైన్యంలో పనిచేసినవారు. పిల్లవాడు పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నతనం నుంచీ చూపు మందం. కళ్లు సహకరించక బడిచదువు ముందుకు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే తొలి గురువై చేతికి వయొలిన్ ఇచ్చారు. పుస్తకం చూసి నేర్చుకునే దారి మూసుకుపోయిన కుర్రవాడు చెవినే నమ్ముకున్నాడు. విన్నది మనసులో నిలుపుకోవడం, నిలిచినదాన్ని తీగమీద వెతుక్కోవడం, దొరికినదాన్ని వందలసార్లు సాధించడం, ఇదీ ఆయన చదువు.

మన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వెలసింది. ఆ మరుసటి సంవత్సరమే, అంటే 1919లో, విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల స్థాపించారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి ప్రిన్సిపాలు. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళ్లిన నాయుడు గారిని, ఆయన వాద్యం విన్న పెద్దలు, విద్యార్థిగా కాక అధ్యాపకునిగా తీసుకున్నారని ప్రతీతి. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు నిండలేదు. 1936లో దాసుగారి తరువాత ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. జనం ఆయన్ను ప్రేమగా ఫిడేలు నాయుడు గారనేవారు.

పదిహేడేళ్లు అధ్యాపకుడిగా పనిచేయడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. సంగీతం నేర్పేవారు ప్రతి ఏటా కొత్త పిల్లలతో మళ్లీ సరళీ వరుసల దగ్గరే మొదలుపెట్టాలి. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. స్వరాల వేగం పెరుగుతుంది గాని తాళం కదలదు. మన గిటారు మిత్రులకు కావలసిన మందు ఇదే! మెట్రోనోమును నిమిషానికి 60 దగ్గర పెట్టి, దెబ్బకు ఒకటి, రెండు, నాలుగు చొప్పున మీటి చూడండి. రెండు నుంచి నాలుగుకు మారేచోటే మన చేయి తొందరపడుతుందని ఇట్టే తెలిసిపోతుంది.

వయొలిన్ వాయించేవారికి మరో కష్టం ఉన్నది. గాయకుడైతే తొడమీద తాళం వేసుకోవచ్చు. వీరికి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. పక్కన మృదంగం ఉన్నా అది గడియారంలాగ కొట్టదు, లెక్కల చుట్టూ అల్లుకుంటూ పోతుంది. కాబట్టి తాళం లోపలే నడవాలి. కమానుకు కూడా ఒక పొడవంటూ ఉన్నది గదా! స్వరం పూర్తికాకముందే కమాను అయిపోతే నాదం తెగుతుంది. ఎంత కాలానికి ఎంత కమాను ఖర్చు పెట్టాలో చేతికే తెలియాలి. నాయుడు గారి కమాను పనితనం దేశమంతటా పేరుపొందింది. పాశ్చాత్యుల వయొలిన్ పద్ధతిని కూడా ఆయన శ్రద్ధగా గమనించారు. 1938లో వెల్లూరులో పక్కవాద్యంగా కాక వయొలిన్‌నే ప్రధానంగా నిలిపి కచేరీ చేశారు.

ఆయన వాద్యం గ్రామఫోను రికార్డులుగా వచ్చింది. ఆ రికార్డింగు ఎలా జరిగేదో తెలిస్తే మన ల్యాప్‌టాపు ఎంత దయగలదో అర్థమవుతుంది. తిరిగే మైనపు పలకమీద సూది గీత గీస్తూ పోయేది. రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, పది అంగుళాల పలకకు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. మధ్యలో ఒక్క స్వరం జారినా ఆ పలక పోయినట్టే, మళ్లీ మొదటినుంచి వాయించాలి. కత్తిరించి అతికించే వీలు లేదు. నిమిషానికి 80 అక్షరాల నడకలో మూడు నిమిషాలకు 240 అక్షరాలు, అంటే ఆది తాళంలో 30 ఆవర్తనాలు. నడక 84కు పెరిగితే అవే అక్షరాలు 171 సెకండ్లలో అయిపోతాయి. తగ్గితే కీర్తన ముగియకముందే పలక నిండిపోతుంది. తప్పు దిద్దే యంత్రం లేని ఆ కాలంలో నిలకడ మనిషి దగ్గరే ఉండవలసి వచ్చేది.

సైన్సు విద్యార్థిని కనుక ఇంకొక్క లెక్క చెప్పి వదిలేస్తాను. 80 నడకలో దెబ్బకు దెబ్బకు మధ్య 750 మిల్లీసెకండ్లు. శబ్దం విని చేయి కదిలించడానికి మనిషికి సుమారు 150 మిల్లీసెకండ్లు పడుతుంది. మెట్రోనోము మోగాక మీటుదామని కాచుకున్నవాడు అయిదో వంతు వెనకబడ్డట్టే. మోగబోయే దెబ్బను ముందుగా మనసులో వినాలి. ఇక యంత్రం చేసే ఆలస్యం వేరు. సెకనుకు 44,100 నమూనాల లెక్కన బఫరు 1024 పెడితే సుమారు 23 మిల్లీసెకండ్లు, 256 పెడితే 6. ముందు అది సరిచేసుకుని, ఆ తరువాత చేతిని అనుమానించండి. రెండు ఆవర్తనాలు మెట్రోనోము మోగనిచ్చి, రెండు ఆవర్తనాలు ఆపేసి, మళ్లీ మోగినప్పుడు ఎక్కడున్నారో చూసుకోండి. అదే అసలు పరీక్ష.

మాది వ్యవసాయ కుటుంబం. మా ఊళ్లో నాట్లు వేసే అక్కలు, వదినలు పాట అందుకుని వరుసగా వెనక్కి జరుగుతూ నాటుతారు. ఎవరి చేతా గడియారం లేదు, అయినా పది చేతులు ఒక్కసారే వంగుతాయి. కొత్తగా వచ్చిన పిల్ల మొదటి రోజు వెనకబడుతుంది, వారం తిరిగేసరికి వరుసలో కలిసిపోతుంది. అది పుట్టుకతో వచ్చిందని మా ఊళ్లో ఎవరూ అనుకోరు. పక్కవారిని వింటూ చేయగా చేయగా వచ్చిందనే అనుకుంటారు. నాయుడు గారి సాధన కూడా అటువంటిదేనని నా నమ్మకం. ప్రతిభ లేదని కాదు, ఆ ప్రతిభను నిలబెట్టింది వినికిడి, ఓపిక.

ఆ ఓపికకు ఫలితం దక్కింది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1952లో ప్రపంచప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ గారింట నాయుడు గారి వాద్యం విని ముగ్ధుడయ్యారు. 1964 నవంబరు 25న నాయుడు గారు కన్నుమూశారు. శతజయంతి నాడు, 1993లో, తపాలాశాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

చూపు సరిగా లేదని, బడి సాగలేదని ఆ పిల్లవాడు వయొలిన్ పక్కన పెట్టి ఉంటే తెలుగుదేశం ఎంత పోగొట్టుకునేదో! మనమంతా నాయుడు గార్లం కాలేము, కానక్కర లేదు కూడా. కాని గిటారు మూలన పెట్టిన మిత్రులారా, తీగలు బిగించి 60 దగ్గర మొదలుపెట్టండి. ఒక్క నెల రోజులు దెబ్బకు ఒకటే మీటండి. ఆ తరువాత రికార్డు చేసి వినండి.