ఓడ అడుగుకు దిగినవాడు

ఇంగ్లాండు ఉత్తర ప్రాంతపు పశ్చిమ తీరంలో మెర్సీ నది ముఖద్వారాన ఉన్న లివర్‌పూల్, పద్దెనిమిదో శతాబ్దం ముగిసేనాటికి ఐరోపాలోనే సంపన్నమైన రేవులలో ఒకటి. అక్కడ నాటకశాల ఉండేది, గ్రంథాలయాలుండేవి, సాహిత్య సభలు జరిగేవి. వాటికి కావలసిన డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఆ ఊరి వీధుల్లో అంతగా కనిపించేది కాదు. ఓడలు బట్టలు, తుపాకులు నింపుకొని పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లేవి. అక్కడ వాటికి బదులుగా మనుషులను ఎక్కించుకొని వెస్టిండీస్ దీవులకు చేరేవి. వారిని అమ్మి, చక్కెర, పత్తి, రమ్ము నింపుకొని ఇంటికి తిరిగి వచ్చేవి. ఆ సంకెళ్ల చప్పుడు నడిసముద్రంలోనే ఉండిపోయేది, ఊరికి చేరేది తీపి మాత్రమే. బ్రిటిష్ ఓడలు అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికన్లలో దాదాపు సగం మందిని, అంటే సుమారు 15 లక్షల మందిని, తరలించింది లివర్‌పూల్ ఓడలే.

ఈ రేవులోనే 1756లో ఎడ్వర్డ్ రష్టన్ పుట్టాడు. తండ్రి చిన్న వ్యాపారి. చదువు బాల్యంలోనే ఆగిపోయింది. పదేళ్లు దాటీ దాటకముందే వెస్టిండీస్ వర్తకం చేసే ఒక సంస్థలో ఓడపని నేర్చుకోవడానికి కుదిరాడు. పదహారేళ్ల వయసులో ఒకసారి తుపానులో ఓడమీద అందరూ ఆశ వదులుకున్నప్పుడు, ఆ కుర్రవాడే చుక్కాని పట్టి ఓడను ఒడ్డుకు చేర్చాడని చెబుతారు. అతని భవిష్యత్తు సముద్రం మీదేనని అందరూ అనుకున్నారు.

ఆ రోజుల్లోనే ఓడమీద అతనికి క్వామినా అనే ఆఫ్రికన్ యువకుడితో స్నేహం కుదిరింది. క్వామినా బానిస. రష్టన్ అతనికి చదవడం నేర్పాడు. ఒకనాడు ఇద్దరూ ఉన్న పడవ తిరగబడింది. నీళ్లమీద తేలుతున్న చిన్న పీపాను క్వామినా ముందుగా అందుకున్నాడు. అలసిపోయి మునిగిపోతున్న రష్టన్‌ను చూసి ఆ పీపాను అతనివైపు నెట్టి, వీడ్కోలు చెప్పి, తాను నీటిలో కలిసిపోయాడు. ఈ సంగతిని రష్టన్ జీవితాంతం చెప్పుకుంటూనే ఉన్నాడు. క్వామినా గురించి చరిత్రకు ఇంతకుమించి తెలియదు. అతను ఎక్కడ పుట్టాడో, అతని తల్లి ఎవరో, అసలు పేరు ఏమిటో ఎక్కడా నమోదు కాలేదు. ఒక తెల్లవాడు బతికి, గుర్తుంచుకున్నాడు గనుక ఆ ఒక్క పేరైనా మిగిలింది.

కొద్దికాలానికి రష్టన్ డొమినికా దీవికి వెళ్లే బానిస ఓడలో మేటుగా చేరాడు. ఓడ అడుగున గొలుసులతో బంధించిన మనుషులకు కళ్లజబ్బు సోకింది. అది అంటురోగం. చీకటిలో, మలమూత్రాల మధ్య, ఒకరినొకరు ఒరుసుకుంటూ పడి ఉన్నవారికి అది వేగంగా పాకింది. నావికులెవరూ కిందికి దిగడానికి సిద్ధపడలేదు. రష్టన్ కెప్టెన్‌ను నిలదీశాడు. తిరుగుబాటు నేరం మోపి సంకెళ్లు వేయిస్తానన్న బెదిరింపే జవాబుగా వచ్చింది. అయినా అతను దొరికినంత తిండి, నీళ్లు పట్టుకొని అడుగుకు దిగాడు. కొద్ది రోజుల్లోనే అతని రెండు కళ్లూ పోయాయి. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా లేవు.

నీటి చుట్టూ మన దేశంలో జరిగిన పోరాటాలు తెలిసినవారికి, 1927లో మహద్ చెరువు, 1985లో కారంచేడు మంచినీటి చెరువు గుర్తున్నవారికి, ఓడ అడుగుకు మోసుకెళ్లిన ఆ నీళ్ల విలువ వేరే చెప్పనక్కరలేదు. బానిసత్వమూ కులమూ ఒకటి కావు. కానీ రెండింటిలోనూ ఒక అదృశ్యరేఖ ఉంటుంది. పైన ఉన్నవాడు ఆ రేఖ దాటి కిందికి దిగితే పైనున్నవారే మొదట శిక్షిస్తారు.

ఇంటికి చేరిన రష్టన్‌కు లండన్ వైద్యులు చూపు తెప్పించలేకపోయారు. సవతి తల్లితో పడక ఇల్లు వదిలి, తండ్రి వారానికి ఇచ్చే నాలుగు షిల్లింగులతో మేనత్త దగ్గర ఏళ్ల తరబడి గడిపాడు. ఆ డబ్బులోంచే కొన్ని పెన్నీలు ఇచ్చి కుర్రవాళ్లచేత పుస్తకాలు చదివించుకునేవాడు. బడి ఇవ్వని చదువును చెవులతో సంపాదించుకున్నాడు. 1787లో వెస్టిండీస్ బానిసల గొంతుతో రాసిన పద్య సంపుటి వెలువరించాడు. అదే సంవత్సరం బానిస వ్యాపారంపై సాక్ష్యాలు సేకరించడానికి థామస్ క్లార్క్‌సన్ లివర్‌పూల్ వచ్చినప్పుడు, ఊరంతా ముఖం చాటేస్తున్నవేళ, సహకరించిన కొద్దిమందిలో రష్టన్ ఒకడు. సారా దుకాణం నడిపాడు, పత్రికకు సంపాదకుడయ్యాడు. పేదలను బలవంతంగా పట్టుకెళ్లి యుద్ధనౌకలెక్కించే దౌర్జన్యంపై రాసినదాన్ని వెనక్కి తీసుకోవాలని భాగస్వామి ఒత్తిడి చేస్తే, ఆ పత్రికనే వదులుకున్నాడు. తర్వాత పుస్తకాల దుకాణం పెట్టాడు.

1791లో లివర్‌పూల్‌లో అంధుల కోసం ఒక పాఠశాల మొదలైంది. ఇంగ్లాండులో అదే మొదటిది. ఆ ఆలోచనకు ప్రాణం పోసినవారిలో రష్టన్ ముఖ్యుడు. పేద అంధులు బిచ్చమెత్తి బతకకుండా బుట్టల అల్లిక వంటి చేతిపనులు, సంగీతం నేర్చుకొని తమ సంపాదనపై తాము నిలబడాలన్నది దాని ఉద్దేశం. దయకు బదులు పనిని, నైపుణ్యాన్ని, గౌరవాన్ని కోరిన ప్రయత్నం అది.

రష్టన్‌ను తన కాలపు ఉదారవాదుల నుంచి వేరుచేసే ఘటన 1796లో జరిగింది. ఆ సంవత్సరం అతను అమెరికా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కు లేఖ రాశాడు. వాషింగ్టన్ అతనికి శత్రువు కాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటాన్ని ఈ అంధకవి మనసారా సమర్థించాడు. అందుకే ఆ ప్రశ్న అంత పదునుగా ఉంది: మనుషులందరి స్వేచ్ఛకోసం కత్తి దూసిన వ్యక్తి తన తోటల్లో మనుషులను ఆస్తిగా ఎలా ఉంచుకోగలుగుతున్నాడు? లేఖ ఒక్క మాట జవాబు లేకుండా తిరిగి వచ్చింది. మరుసటి ఏడాది రష్టన్ దాన్ని అచ్చువేశాడు. 1799లో వాషింగ్టన్ మరణించేనాటికి ఆయన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో 300 మందికి పైగా బానిసలున్నారు. తన సొంత బానిసలకు విడుదల ఇస్తూ వీలునామా రాశాడు గానీ, బతికి ఉండగా ఆ పని చేయలేదు. మానవ హక్కుల రచయిత థామస్ పెయిన్‌కూ రష్టన్ ఇదే విషయమై రాశాడు. అక్కడినుంచీ మౌనమే.

విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. శత్రువును ప్రశ్నించడం తేలిక. తన పక్షం వీరుణ్ణి, తాను మెచ్చిన ఉద్యమ నాయకుణ్ణి, అతని ఇంటి లోపలి వ్యవస్థ గురించి అడగడం కష్టం. స్వరాజ్యం కోరిన నాయకులను వారి ఇంటి బావి గురించి, విప్లవం కోరిన నాయకులను వారి పెళ్లి సంబంధాల గురించి అడిగిన దళిత బహుజనులకు మన దగ్గర దక్కినవి కూడా ఎక్కువగా మౌనమూ, ఐక్యతను చెడగొడుతున్నారన్న నిందా. రష్టన్‌కు ఆ ప్రశ్న వేసే అర్హత చదివిన పుస్తకాలతో రాలేదు. తన ఊరు తిన్న అన్నం ఎవరి నెత్తురో చూసి, ఆ చూపుకు మూల్యం చెల్లించి దాన్ని సంపాదించుకున్నాడు.

1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. ఆ ఏడాదే మాంచెస్టర్ వైద్యుడు బెంజమిన్ గిబ్సన్ వరుసగా చేసిన శస్త్రచికిత్సల ఫలితంగా రష్టన్ ఒక కంటికి చూపు వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన చీకటి తర్వాత అతను తన భార్యనూ పిల్లలనూ మొదటిసారి చూశాడు. 1811లో భార్య, ఒక కూతురు మరణించారు. 1814 నవంబరులో అతను కన్నుమూశాడు. తన జీవితకాలంలో అతను చూసింది వ్యాపారం ఆగడమే, బానిసత్వం పోవడం కాదు. 1833 చట్టం బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ యజమానులకు రెండు కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. బానిసలకు దక్కిన పరిహారం శూన్యం.

జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి గ్రంథాన్ని నల్లవారి విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. ఇక్కడి పైవర్ణాలవారు వారిని చూసి నేర్చుకోవాలన్నది ఆయన ఆశ. ఎవరి సాయమూ లేకుండానే శూద్ర, అతిశూద్ర జనం తమ పోరాటాన్ని తామే నడుపుకున్నారు. ఫూలే కోరిన పాఠాన్ని పైవర్ణాలు ఎంత నేర్చాయన్న లెక్క ఇంకా తేలలేదు.

లివర్‌పూల్ నగరపాలక మండలి బానిస వ్యాపారంలో తన పాత్రకు 1999 డిసెంబరులో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. 2007లో పాత రేవుల మధ్యనే బానిసత్వ ప్రదర్శనశాల తెరిచారు. తమ ఊరి భవనాల వెనుక ఎవరి శ్రమ ఉందో అక్కడి పిల్లలకు ఇప్పుడు చెబుతున్నారు. మన ఊళ్లలో చెరువు తవ్వినవారి, చెప్పు కుట్టినవారి, పశువు కళేబరం మోసినవారి చరిత్రను వాడ చరిత్రగా కాక ఊరి చరిత్రగా చెప్పే పని ఎంత జరిగింది? రష్టన్ కళ్లు పోయిన సంగతి మనకు తెలుసు. ఆ ఓడ అడుగున అదే రోగంతో ఎంతమంది కళ్లు పోయాయో, వారిని డొమినికాలో ఏమి చేశారో ఎవరూ రాసిపెట్టలేదు.