‘అస్తి’ క్రియకు చుట్టములను వెదకిన కోర్దూ పాద్రి

ఇటలీ భాష నేర్వబూనిన విద్యార్థికి తొలి పాఠములలోనే ఒక చిక్కు ఎదురగును. మాటలాడుట యను అర్థముగల ‘పార్లారె’ వంటి క్రియలు సాధువులు. పార్లో, పార్లి, పార్లా అని ధాతువు చెక్కుచెదరక నిలిచి యుండగా చివరి ప్రత్యయములు మాత్రము మారుచుండును. ఉండుట యను అర్థముగల ‘ఎస్సెరె’ అట్టిది కాదు. ఉత్తమ పురుషైకవచనము సోనో, మధ్యమ పురుషమున సెయి, ప్రథమ పురుషమున ఒక్క అచ్చు ‘ఎ’ మాత్రమే. బహువచనమున సియామో, సియెతె, కడపట మరల సోనో. భూతకాలమునకు పోయినచో ఆ సకారమే మాయమై ఫూయి, ఫోస్తి, ఫూ అని వేరొక వేషము. సంశయము, కోరిక మున్నగు అర్థములందు సీయా. ఒక్క క్రియకు ఇన్ని రూపములేల యని బాలుడు ప్రశ్నించును. అది నియమమునకు లొంగని క్రియ గనుక కంఠస్థము చేయుమని గురువు చెప్పును.

ఏల యను ఆ ప్రశ్నకు దారి చూపిన తొలివారిలో ఒకడు తెలుగు నేర్చిన ఫ్రెంచి పాద్రి యనియు, ఆయన పని మన దక్షిణదేశపు గాలిలోనే సాగినదనియు మనలో తెలిసినవారు కొద్దిమంది.

గాస్తోన్ లోరాన్ కోర్దూ ఫ్రాన్సు దేశమందలి బూర్జ్ పట్టణమున 1691లో జన్మించెను. 1715లో జెసూట్ సంఘమున చేరి, 1732లో భారతదేశమునకు వచ్చెను. అప్పటికి నలుబదియేండ్లు నిండిన వ్యక్తి. క్రొత్త భాషలు నేర్చుకొనుటకు అది సుళువైన వయస్సు కాదు. ఆయన చేరినది ‘కర్ణాటక మిషను’ అని పిలువబడిన శాఖ. పేరు కర్ణాటకమైనను ఆ పాద్రులకు నిత్యవ్యవహారమున కావలసిన భాషలలో ముఖ్యమైనది తెలుగు. నేడు పొట్టి ఆవులకు పేరుపొందిన పుంగనూరు 18వ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే వారికొక స్థావరమైనది. పాళెగాండ్ర ఏలుబడిలోని ఆ మెట్టసీమ నుండి, మదనపల్లె చుట్టుప్రక్కల కొండదారుల మీదుగా, చిక్కబళ్ళాపురము వరకు వారి రాకపోకలు సాగుచుండెను. కాషాయము కట్టి, మాంసము మాని, సన్న్యాసులవలె తిరుగుట వారి పద్ధతి. ఈ పద్ధతికి ఆద్యుడు మధురలో నివసించిన ఇటలీ దేశస్థుడు రాబర్టో ది నోబిలి. ఆయనకు సంస్కృతము చెప్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడగుట గమనింపదగిన విశేషము.

కోర్దూ తోటివారిలో పండితులకు కొదువ లేదు. కాల్మెట్ అను పాద్రి 1730 తరువాతి సంవత్సరములలో తెలుగులిపిలో వ్రాయబడిన వేదముల ప్రతులను సంపాదించి పారిసు రాజగ్రంథాలయమునకు పంపెను. పోన్స్ అను మరియొకడు సంస్కృత శాస్త్రములను గూర్చి 1740లో ఒక దీర్ఘలేఖ వ్రాసెను. వీరిలో పలువురకు సంస్కృతము తెలుగు అక్షరముల ద్వారముననే పరిచితమైనది. నాగరి లిపి లేనిదే సంస్కృతము లేదని తలచు నేటి విద్యార్థి ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

కోర్దూ తెలుగు, సంస్కృతములను చదివి, ఆ రెండు భాషలతో ఫ్రెంచిని జతపరచి ఒక నిఘంటువును కూర్చెను. 1744 నుండి 1751 వరకు మిషనుకు అధిపతిగా నుండెను. ఆయన కుతూహలము పుస్తకములతో ఆగినది కాదు. 1742లో వ్రాసిన లేఖలో అద్దకపు బట్టల పనిని ఆమూలాగ్రముగ వర్ణించెను. నేతగుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానవేయుట, పటికతో రంగు పట్టించుట, చిరివేరుతో ఎఱుపు దేల్చుట, నీలిరంగు తగులరాని చోట్ల మైనము పూయుట, ఇట్లు ఒక్కొక్క మెట్టును పనివారినడిగి తెలిసికొని వ్రాసెను. ఐరోపా వర్తకులు మోజుపడిన ఆ రంగుల మర్మము ఫ్రాన్సునకు తెలియవలెనన్నది ఆయన ఉద్దేశము. పనివాని విద్య ఆ విధముగ దేశము దాటుట మనకు లాభమో నష్టమో వేరే చెప్పనక్కరలేదు. కాని, చూచినదానిని చూచినట్లు వరుస తప్పక వ్రాయు అలవాటు ఆయనకు అట్లు పట్టుబడినది. తరువాత క్రియాపదముల విషయమున అదియే అక్కరకు వచ్చినది.

1763లో పారిసునందలి విద్వత్పరిషత్తు సభ్యుడు బార్తెలెమీ, సంస్కృత వ్యాకరణమును నిఘంటువును పంపుమని కోర్దూకు వ్రాసెను. అవి గడ్డు దినములు. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని కోటను, ఇండ్లను నేలమట్టము చేసిరి. ఫ్రాన్సులోనే జెసూట్ సంఘము 1764 నాటికి నిషేధింపబడెను. వెనుక నిలిచి ఆదుకొను స్వదేశపు సంఘము లేదు. ముందు శిథిలమైన పట్టణము. అట్టి స్థితిలో డెబ్బదియైదేండ్లు దాటిన ఆ వృద్ధుడు 1767లో పంపిన సమాధానము ఒక ప్రశ్న రూపమున నుండెను. సంస్కృతమున లాటిను, గ్రీకు భాషలతో, విశేషించి లాటినుతో, కలియు మాటలు ఇన్ని యుండుటకు కారణమేమి యన్నదే ఆ ప్రశ్న.

పోలికలను గమనించుట అదియే మొదలు కాదు. ఫ్లోరెన్సు వర్తకుడు ఫిలిప్పో సస్సెత్తి 1585లోనే, మన దేశమునుండి వ్రాసిన లేఖలో, ఇటలీ భాషలోని సెత్తె, ఒత్తో, నోవె అను సంఖ్యలు సప్త, అష్ట, నవలను పోలియున్నవనియు, దియో దేవుని, సెర్పె సర్పమును తలపించుచున్నవనియు పేర్కొనెను. ఆయన 1588లో గోవాలో మరణించెను. ఆ లేఖ చాలకాలము ఎవరి కంటను పడలేదు. కోర్దూయును మాటల పట్టికతోనే ఆరంభించెను. దానము, విధవ, అగ్ని, దేవుడు, జాను, నవము మున్నగు పదములకు లాటిను జోడులను చూపెను. కాని మాటలు మూటలవలె ఒకచోటినుండి మరియొక చోటికి పోగలవు. మన భాషలోనికి మేజా, కుర్చీ వచ్చినట్లే యవి వచ్చియుండవచ్చును. కోర్దూ గొప్పతనము అక్కడ ఆగకపోవుటలోనున్నది. ఆయన ఉండుట యను అర్థముగల క్రియను తీసికొని, రెండు భాషలలోను పురుష వచన క్రమమున దించి, ప్రక్కప్రక్కన నిలిపెను.

సంస్కృతము చదివినవారు అస్తి, స్తః, సంతి యని ప్రథమ పురుషముతో మొదలిడుదురు. పాశ్చాత్యుల క్రమమున ఉత్తమ పురుషముతో మొదలిడినచో వర్తమానమున ఏకవచనము అస్మి, అసి, అస్తి. బహువచనము స్మః, స్థ, సంతి. లాటినులో సుమ్, ఎస్, ఎస్త్; సుముస్, ఎస్తిస్, సుంత్. విధిలిఙ్ లో స్యామ్, స్యాః, స్యాత్. లాటినులో దానికి సరియగు రూపములు సిమ్, సిస్, సిత్. సంస్కృతమున వలె గ్రీకునందును ద్విచనమున్నదని, లాటినున లేదని కూడ ఆయన గుర్తించెను.

ఈ పట్టికను బడిపిల్లలు నల్లబల్లపై వ్రాసికొని చూడదగును. అస్మి, అస్తిలలో నున్న అకారము సంతిలో లేదు. దానిని పాణిని అకారలోపముగ విధించెను. లాటినులో ఎస్త్ నందున్న అచ్చు సుంత్ నందు లేదు. అనగా రెండు భాషలును ఒకే చోట ఒకే విధముగ తప్పు నడక నడచుచున్నవి. పొరుగువాని మాటను అరువు తెచ్చుకొనవచ్చును గాని, పొరుగువాని కుంటినడకను ఎవరును అరువు తెచ్చుకొనరు. లాటిను కూతురైన ఇటలీ భాషలో సుమ్, సుంత్ రెండును అరిగి సోనో యను ఒకే రూపమైనవి. స్యాత్ అను దాని చుట్టమే సీయా. ఇక ఫూయి యను భూతకాల రూపము మాట. అస్ ధాతువునకు కొన్ని ప్రత్యయముల ముందు ‘భూ’ ఆదేశమగునని పాణిని సూత్రించెను; అందుచేతనే భవిష్యత్తున భవిష్యతి యందుము. లాటినును ఆ భూ ధాతువు చుట్టమునే తెచ్చుకొని ఫూయి యనెను. ఇటలీ బాలుడు కంఠస్థము చేయు విచిత్రరూపము వెనుక రెండు ధాతువుల కాపురమున్నది. ఈ చివరి వివరణములు తరువాతి తరముల వారివి. పట్టిక వేసి మార్గము తెరచినది కోర్దూ.

తెలుగువానికి ఇట వింతగా తోచునది వేరొకటి. రాముడు రాజు అన్నప్పుడు మనకు అస్తి యక్కర లేదు. కలడు, లేడు అను మన రూపములు వేరొక వంశమునకు చెందినవి. వచ్చెను, రాడు, రమ్ము అనుచు మన క్రియలును పరభాషీయులను ఏడిపించును గాని, ఆ చిక్కులకు లాటినులో జోడు దొరకదు.

పోలికకు కారణములుగా వాణిజ్యమును, ఇరుగుపొరుగును, మతమును, శాస్త్రముల ఇచ్చిపుచ్చుకోలును కోర్దూ ఒక్కొక్కటిగ పరిశీలించి, అవి చాలవని త్రోసి, అందరకు ఒకే మూలముండవలెనని నిర్ణయించెను. ఆ మూలమును బైబిలులోని బాబెలు గోపుర గాథతో ముడివెట్టుట ఆయన కాలపు, ఆయన వృత్తిలోని పరిమితి. ముడిని విప్పివేసినను పట్టిక నిలుచును.

కాని ఆ పట్టికను లోకము చూడలేదు. ఆంకెతీ దుపెరోన్ అను పండితుని చేతికది వచ్చెను. ఆయన పారసీకుల జెంద అవెస్తా పనిలో మునిగియుండెను. కోర్దూ వ్రాత 1808లో గాని అచ్చుకాలేదు. అప్పటికి కోర్దూ మరణించి 29 సంవత్సరములు. దుపెరోన్ మరణించి 3 సంవత్సరములు. ఈ నడుమ 1786 ఫిబ్రవరి 2వ తేదీన సర్ విలియం జోన్సు కలకత్తాలో చేసిన ఉపన్యాసము సంస్కృత, గ్రీకు, లాటినుల ఏకమూలమును లోకమునకు చాటెను. పేరు ఆయనకు దక్కినది. జోన్సు స్వయముగ విద్యాసంపన్నుడు, ఆయనను నిందింపనక్కరలేదు. 1816లో జర్మను పండితుడు ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను, పారసీక, జర్మానిక భాషల రూపములతో పోల్చి గ్రంథము ప్రకటించుటతో ఈ శాస్త్రము స్థిరపడెను. అదే 1816లో మదరాసున ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున, తెలుగు సంస్కృత జన్యము కాదని ధాతువుల సాక్ష్యముతో నిరూపించెను. 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది ఎల్లిస్ చూపిన ఆ కుటుంబమునకే.

కోర్దూకు నష్టము ఒక్కసారితో తీరలేదు. హిందువుల ఆచారములను గూర్చి ఆయన ఒక గ్రంథము వ్రాసియుండెను. దాని మూలప్రతి నేడు లభ్యము కాదు. దెవో అను ఫ్రెంచి సైనికోద్యోగి 1777లో దానిని తిరుగవ్రాసెను. తరువాత మైసూరు ప్రాంతమున నున్న దుబ్వా పాద్రి ఆ సామగ్రిని విరివిగ వాడుకొని, తన పేరిట ఒక గ్రంథమును సిద్ధపరచెను. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము 1807లో దానిని 2,000 వరహాలకు కొనెను. ఇంగ్లీషులోనికి అనువదింపబడి ఆ గ్రంథము దేశదేశముల చదువబడెను. కోర్దూ పేరు అందు లేదు. సిల్వియా మూర్ అను ఫ్రెంచి విదుషి దెవో ప్రతిని బయల్పరచి 1987లో ప్రకటించువరకు ఈ సంగతి నిర్ధారణ కాలేదు.

1773లో పోపు జెసూట్ సంఘమునే రద్దుచేసెను. ఏబదియెనిమిది సంవత్సరములు తాను సేవించిన సంఘము లేనిదై పోగా, కోర్దూ స్వదేశమునకు పోక పుదుచ్చేరిలోనే యుండిపోయెను. 1778లో ఆంగ్లేయులు మరల ఆ పట్టణమును పట్టుకొనిరి. మరుసటి సంవత్సరము, 1779లో, తన 88వ యేట ఆయన అక్కడనే కన్నుమూసెను. ఆయన కూర్చిన తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు వ్రాతప్రతిగానే పారిసు జాతీయ గ్రంథాలయమున నిలిచియున్నది.