గీటు పడకుండా లోపలి సంగతి
(ఆచార్య సూరి భగవంతం)

మట్టికుండ కొనేవాళ్లు దాన్ని వేలితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే పుచ్చుకుంటారు, బొంగురుగా పలికితే పక్కన పెడతారు. పగలగొట్టకుండానే పగులు పట్టుకునే ఈ విద్యకు ఈనాడు ఇంజనీరింగులో పెద్ద పరికరాలే వచ్చాయి. అయితే ఆ పరికరం చూపే అంకెకు అర్థం ఎక్కణ్నుంచి వచ్చింది? జవాబులో కొంత భాగం మన తెలుగువారు ఆచార్య సూరి భగవంతం గారి దగ్గరుంది. ఆయన పదవులు గుర్తుపెట్టుకుని ప్రయోగశాలను మరిచిపోయామేనని నా బాధ.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లాలో జన్మించారు. గుడివాడలో చదువుకుని, హైదరాబాదు నిజాం కాలేజీలో పట్టం పుచ్చుకున్నారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి శిష్యులయ్యారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమది. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పడానికి చేరి, కొద్ది ఏళ్లలోనే ఆచార్యులయ్యారు. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలింది. ఆ యుద్ధపు రోజుల్లోనే జె. భీమసేనాచార్‌తో కలిసి ఆయన స్ఫటికాల మీద అతిధ్వని ప్రయోగాలు చేశారు.

క్వార్ట్జ్ పలకకు మారే విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది. కంపనం తగిలితే తిరిగి విద్యుత్తు పుట్టిస్తుంది. అంటే నోరూ అదే, చెవీ అదే. పలక ఎంత పలచనైతే స్వరం అంత హెచ్చు. అందుకని వీళ్లు స్ఫటికాన్ని ఒక వైపు పలచగా, మరో వైపు మందంగా ఏటవాలుగా తయారు చేసుకున్నారు. ఒకే ముక్క వరసగా ఎన్నో స్వరాలు పలికింది! పరీక్షించవలసిన పలకను దానికి ఆనించి, ఏ స్వరం దగ్గర ధ్వని బాగా దాటుతున్నదో చూశారు. ఆ అంకె, పలక మందం తెలిస్తే లోపలి ధ్వనివేగం తెలుస్తుంది. వేగానికి సాంద్రత జోడిస్తే స్థితిస్థాపకత లెక్కకు వస్తుంది. ఇలా వజ్రం స్థితిస్థాపక స్థిరాంకాలు కొలిచి 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. వజ్రం పగలగొట్టి చూసే వస్తువు కాదు గదా!

1949లో ఉస్మానియాకు వచ్చి, 1952 నుంచి 1957 వరకు ఉపకులపతిగా ఉన్నారు. తరవాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు. 1961 నుంచి 1969 దాకా రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. మా చంపాపేట్‌కు కూతవేటు దూరంలో కంచన్‌బాగ్‌లో ఉన్న క్షిపణి, లోహ పరిశోధనాశాలలు హైదరాబాదుకు వచ్చింది ఆ కాలంలోనే, 1962, 63లలో. లోహంలో కనపడని వెంట్రుకవాసి పగులు క్షిపణికి ప్రాణాంతకం. దాన్ని పట్టేది అతిధ్వనే. 1966లో స్ఫటిక సౌష్ఠవం గురించి భగవంతం గారు రాసిన పుస్తకం చదివితే, ఏ స్ఫటికం సెన్సరుగా పనికొస్తుందో, ఏది పనికిరాదో ఎందుకో బోధపడుతుంది. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన పేటలకేసి చూడండి. చంపాపేట్ నుంచి ఎల్.బి.నగర్ దాకా అపార్ట్‌మెంట్లు, ఫ్లైఓవర్లు, మెట్రో స్తంభాలు. కాలేజీ లాబులో కాంక్రీటు దిమ్మను నలగ్గొట్టి బలం చెబుతాం. జనం కాపురముంటున్న ఇంటి స్తంభాన్ని నలగ్గొట్టలేం. అందుకే దానికి ఒక పక్క నోరు, మరో పక్క చెవి ఆనించి ధ్వనివేగం కొలుస్తారు. భారత ప్రమాణాల సంస్థ 1992లో ఇచ్చిన మార్గదర్శకాలలో సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు శ్రేష్ఠమనీ, 3కు తగ్గితే అనుమానించాలనీ ఉండేది. ముఖ్యమైన వంతెనలకైతే సెన్సర్లు శాశ్వతంగా బిగించి, మార్పును ఏళ్ల తరబడి కనిపెడుతుంటారు.

మనమేమో గోడ పగులు కనపడగానే సిమెంటు పూసి, పండక్కి రంగు కొట్టి ఊరుకుంటున్నాం! పరికరం అద్దెకు దొరుకుతుంది, అంకె చూపుతుంది. ఆ అంకె ఏం చెబుతున్నదో తెలిసిన మనిషి అద్దెకు దొరకడు, తయారు కావాలి. విద్యార్థి మిత్రులారా, భగవంతం గారి జీవితం నుంచి మనం పుచ్చుకోవలసింది అదేనని నా మనవి.